చెరువు బురద పోర్ వాటర్‌లో (బురద రేణువుల మధ్య నీటిలో) ఫాస్ఫేట్ తక్కువ వస్తోంది, ఎక్కడ పోతోంది?

బురదలెక్క:
బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు మురుగునీరు కలిసే ఒక చెరువు. అక్రిలిక్ ట్యూబుతో కోర్ (నిలువు బురద కడ్డీ) తీసి, ల్యాబులో రెండేసి సెంటీమీటర్ల ముక్కలు కోసి, సెంట్రిఫ్యూజ్ చేసి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టాను. మర్నాడు మాలిబ్డినం బ్లూతో (ఫాస్ఫేట్‌ను నీలిరంగుగా మార్చి కొలిచే పద్ధతి) చూస్తే పైనీటి కంటే బురద లోపలే ఫాస్ఫేట్ తక్కువ. బురద నల్లగా ఉంది, కుళ్ళిన గుడ్ల కంపు. తలకిందులుగా లేదూ? ఇంకోటి, ఈ చెరువు ఆదిమ సముద్రాలకు నమూనా అని ప్రపోజల్‌లో రాయొచ్చా?

ఫెర్రోజిన్562:
వడకట్టిన నీళ్ళు తెల్లారేసరికి లేత నారింజకు తిరిగి, గొట్టం అడుగున తుప్పులాంటి మడ్డి దిగిందేమో చూడండి. దిగితే మీ ఫాస్ఫేట్ అందులోనే ఉంది. ఆక్సిజన్ లేని బురదలో ఇనుము ఫెరస్‌గా కరిగి ఉంటుంది. గాలి తగిలితే, పీహెచ్ 7 దాటిన నీళ్ళలో నిమిషాల్లోనే ఫెర్రిక్ హైడ్రాక్సైడ్‌గా, అంటే తుప్పులాంటి మడ్డిగా మారి, ఫాస్ఫేట్‌ను పట్టుకుని కిందకు దిగుతుంది. దీనికి తోడు కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది, కాల్షియంతో కూడా కొంత పోతుంది.

ముక్కలు కోయడం మానేయండి. ట్యూబుకు రెండు సెం.మీ.లకొకటి, మెలికగా 3 మి.మీ. రంధ్రాలు వేసి ఇన్సులేషన్ టేప్ అతికించండి. కోర్ పైన చెరువు నీళ్ళు అలాగే ఉంచి, అడుగున రబ్బరు బిరడా పెట్టి, నిలువుగానే తేవాలి. నైట్రోజన్ పోనిచ్చిన నీళ్ళలో ముందే నానబెట్టిన రైజాన్‌లు (నీటిని వడకట్టి లాగే సన్నటి గొట్టాలు, లావు 2.5 మి.మీ.) టేప్‌లోంచి గుచ్చి, 10 మి.లీ. సిరంజి లాగి, పిస్టన్ వెనక్కి పోకుండా చెక్కముక్క అడ్డం పెట్టండి. మొదటి 1 మి.లీ. పారబోయండి.

తర్వాతి 1 మి.లీ. నేరుగా 0.2 మి.లీ. 5 శాతం జింక్ అసిటేట్‌లోకి, సల్ఫైడ్ కోసం. కొంచెం ఫెర్రోజిన్ (ఫెరస్ ఇనుముతో రంగు తేలే రసాయనం) ఉన్న గొట్టంలోకి, ఇనుము కోసం. మిగిలిన దాంట్లో, ఫాస్ఫేట్ కోసం, 2 మి.లీ.లకు 6 మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ 40 మైక్రోలీటర్లు. వరస మారిస్తే, అంటే అంతటికీ ముందే యాసిడ్ పోస్తే, సల్ఫైడ్ గాలిలో కలిసిపోతుంది.

ఫాస్ఫేట్ చూసేముందు యాసిడ్ పోసిన నీళ్ళలో ఫ్యూమ్ హుడ్ కిందే పది నిమిషాలు నైట్రోజన్ పోనివ్వండి. సల్ఫైడ్ మిగిలితే రంగు చెడుతుంది. స్టాండర్డ్‌లకూ బ్లాంక్‌కూ అంతే యాసిడ్ కలపాలి. 10 నుంచి 30 నిమిషాల మధ్య 880 నానోమీటర్ల దగ్గర చదవండి.

పూడిక:
పద్ధతి సరే. కానీ గుడ్ల కంపూ నారింజ మడ్డీ ఒకే లోతు నుంచి రావడం అరుదండీ. సల్ఫైడ్ మిగిలి ఉందంటే ఇనుము అప్పటికే ఐరన్ సల్ఫైడ్‌గా పోయి ఉంటుంది, ఆ నలుపు అదే. చిటికెడు నల్లబురద మీద పలచని యాసిడ్ చుక్క వేయండి, కంపు గుప్పున లేస్తే ఖాయం. అలాంటి పొరలో ఫాస్ఫేట్ తక్కువ వస్తే తప్పు ఇనుముది కాదు, ముందు మాలిబ్డినం రంగునే అనుమానించండి.

ప్రపోజల్ సంగతి: అలా రాయకండి, రివ్యూయర్ మొదట అక్కడే పట్టుకుంటాడు. 240 కోట్ల ఏళ్ల కిందటి దాకా సముద్రాల్లో సల్ఫేట్ 0.2 మిల్లీమోలార్ కంటే తక్కువని అంచనా, ఇప్పుడు 28. సల్ఫేట్ లేదు కాబట్టే ఇనుము కరిగి మిగిలింది, కర్ణాటకలోని సండూరు ఇనుపరాతి పట్టీలు ఆ కాలపు సరుకే. దానికి నమూనా కావాలంటే ఇండొనేషియాలోని మటానో సరస్సు ఉంది: లోతు 590 మీటర్ల దాకా, కిందంతా ఇనుము నిండిన నీళ్ళు, సల్ఫేట్ నామమాత్రం. మన చెరువుల్లో మురుగుతో సల్ఫేటూ, దాన్ని సల్ఫైడ్‌గా మార్చే బాక్టీరియాకు తిండీ రెండూ దిగుతాయి. ఇనుమును సల్ఫైడ్ కాజేస్తే ఫాస్ఫేట్‌ను పట్టేది ఉండదు. అసలు కథ ఇదే, ప్రపోజల్‌లో ఇది రాయండి.

బురదలెక్క:
మడ్డి పై రెండు ముక్కల గొట్టాల్లోనే ఉంది. కింది వాటిలో లేదు, మాలిబ్డినం రంగు మాత్రం నీలం కాక ఆకుపచ్చకు తిరిగింది. అంటే రెండు తప్పులూ ఉన్నట్టే. ఇనుము సరిపోతోందో లేదో తేల్చే అంకె ఏదైనా ఉందా?

ఫెర్రోజిన్562:
కరిగిన ఇనుముకూ ఫాస్ఫరస్‌కూ మోలార్ నిష్పత్తి (బరువులో కాదు, పరమాణువుల లెక్కలో). సుమారు 2 దాటితే ఆక్సిజన్ తగిలినప్పుడు ఫాస్ఫేట్ చాలావరకు చిక్కుతుంది, తగ్గితే పైనీటిలోకి జారుతుంది. లీటరుకు 1 మి.గ్రా. ఇనుము 17.9 మైక్రోమోలార్, 1 మి.గ్రా. ఫాస్ఫరస్ 32.3. మీ స్టాండర్డ్ సీసా మీద రాసింది ఫాస్ఫేటా ఫాస్ఫరసా చూసుకోండి, 3.07 రెట్ల తేడా.