ఎల్ రొసీయో యాత్రలో ఎడ్లబండి వెంట నడవాలంటే నియమాలేంటి?

నమస్తే అండి. నేను స్పెయిన్‌లో, సెవిల్‌లో ఉంటున్నాను. మా ఓనర్ ఆంటీ వాళ్ళు ఇక్కడి త్రియానా పేట భక్త సంఘంలో సభ్యులు. వచ్చే పెంతెకొస్తు పండక్కి మరియమ్మ గుడి ఉన్న ఎల్ రొసీయో ఊరి దాకా తమతో నడిచి రమ్మన్నారు. వెళ్ళాలనే ఉంది, కానీ పద్ధతులు తెలియక టెన్షన్.

మరియమ్మ పతాకాన్ని మోసే వెండి బండిని ఎడ్లు లాగుతాయని, కుటుంబాల బండ్లు కాగితపు పూలతో వెనక వస్తాయని తెలుసు. పతాకం బండికి ముందు నడవచ్చా, లేక వెనకే ఉండాలా? సభ్యులు మెడలో వేసుకునే పతకం అతిథి వేసుకుంటే తప్పా? ఆడవాళ్ళు కుచ్చుల గౌనే వేసుకోవాలా? ఆ దుమ్ములో, ఎండలో నాకైతే చుడీదారే హాయి.

అసలు సందేహం దారిలో ఏరు దాటే కేమా రేవు గురించి. మొదటిసారి వచ్చినవాళ్ళకి అక్కడ ఏటి నీళ్ళతో బాప్టిజం ఇస్తారు. నేను హిందువుని. అది సరదా ఆచారమా, నిజంగా మతపరమైనదా? వద్దంటే నొచ్చుకుంటారా?

సోమవారం తెల్లవారుజామున ఆల్మోంతే ఊరి కుర్రాళ్ళు గుడిలోని కమ్మీలు దూకి మరియమ్మ విగ్రహాన్ని బయటికి తెస్తారు. మోసేది వాళ్ళే. చూడ్డానికి ఎంత దూరంలో నిలబడితే మంచిది? వెళ్ళొచ్చినవాళ్ళెవరైనా చెప్పండి ప్లీజ్.