సైకియాట్రిస్టు లేని మండలంలో ఆశాలకు ట్రైనింగ్ ఇస్తే చాలా?

చెరువుగట్టు: మా మండలంలో పీహెచ్‌సీ ఉంది, ఎంబీబీఎస్ డాక్టరున్నారు, ఆశాలున్నారు. కానీ నిద్ర పట్టట్లేదనో, చచ్చిపోవాలనిపిస్తోందనో ఎవరైనా వస్తే జిల్లా ఆసుపత్రికి రాసిచ్చి పంపేస్తారు. వెళ్లొస్తే ఆ రోజు కూలి పోయినట్టే, బస్సు ఖర్చు అదనం, దాంతో రెండోసారి ఎవరూ వెళ్లరు. మా యువజన సంఘం వాళ్లు ఆశాలకు ట్రైనింగ్ ఇప్పిద్దామంటున్నారు. దాంతో పనవుతుందా?

వలసపక్షి: ఎందుకవదు? జింబాబ్వేలో అయింది. అక్కడ సైకియాట్రిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. వాళ్లలో ఒకరైన డిక్సన్ చిబాండా 2006లో హరారేలోని ఎంబారేలో 14 మంది బామ్మలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ ఆవరణలో బెంచీ మీద కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ల గోడు వినడం, ఉన్న కష్టాల్లో ఒక్కదాన్ని ఎంచుకోమని దానికేం చేయొచ్చో వాళ్లచేతే చెప్పించడం, అంతే పని. 2016లో ఫలితాలు ప్రచురిస్తే, మామూలు వైద్యం అందినవాళ్లకన్నా వీళ్లకే డిప్రెషన్ బాగా తగ్గిందని తేలింది.

రిటైర్డ్ నర్సు: బామ్మలు మాటలతో తగ్గించేది డిప్రెషన్, ఆందోళన లాంటివి బాబూ. చెవిలో గొంతులు వినిపించేవాళ్లకు మందు పడాల్సిందే. నేను పనిచేసిన చోట ఆశాలు బాగానే గుర్తుపట్టి తీసుకొచ్చారు, అలాంటి జబ్బుకిచ్చే రిస్పెరిడోన్ మందు పంపమని పైకి ఇండెంట్ పెడితే నెలల తరబడి రాలేదు, బయట కొనుక్కోమంటే కొన్నాళ్లు కొని మానేశారు, జబ్బు తిరగబెట్టింది, ఆ తర్వాత ఆ ఇంట్లో ఆశాని గడప తొక్కనివ్వలేదు. ఇంకో మాట, అత్తగారు అరుగు మీద కూర్చుని ఉండగా కోడల్ని "ఏమ్మా, దిగులుగా ఉంటోందా" అని అడిగితే ఏం చెబుతుంది? బోరింగు దగ్గరో, పిల్లల బరువు చూసే రోజు అంగన్‌వాడీ దగ్గరో అడగాలి. ఇది ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

మెదక్ వాసి: నర్సమ్మ గారు చెప్పిందే అసలు సంగతి. 1980ల్లోనే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో పీహెచ్‌సీ సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చి మానసిక వైద్యం చేయించి చూపించారు, దాన్ని చూసే 1996లో నాలుగు జిల్లాల్లో జాతీయ కార్యక్రమం పెట్టారు, అందులో మా మెదక్ ఒకటి. అంటే ట్రైనింగ్ మనకు కొత్తేం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూడండి, 18వ సెక్షన్ ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక వైద్య మందులు సీహెచ్‌సీ (పీహెచ్‌సీకి పైనుండే సామాజిక ఆరోగ్య కేంద్రం), ఆపై స్థాయి ప్రభుత్వాసుపత్రుల్లో ఎప్పుడూ ఉచితంగా ఉండాలి. పీహెచ్‌సీ అందులో లేదు, అదే మెలిక. ముందు మీ సీహెచ్‌సీలో స్టాకు ఉందో లేదో కనుక్కోండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఊళ్లో గోడల మీద రాయించండి, తెలుగులోనే మాట్లాడతారు, ఫోన్‌కి డబ్బులు పడవు.

చెరువుగట్టు: సీహెచ్‌సీ పక్క మండలంలో ఉంది, రేపే వెళ్లి అడుగుతాం. లేవంటే సోమవారం ప్రజావాణిలో అర్జీ పెడతాం. నర్సమ్మ గారూ, ఏయే మందులు అడగాలో పేర్లు రాసిపెడతారా?