బడి మానడం ముందా, ‘దొంగ’ అన్న ముద్ర ముందా?

హనుమకొండలో ఎం.ఏ. సోషియాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. బడి మధ్యలో మానేసి, చిన్న దొంగతనాలతో పోలీసు స్టేషన్ దాకా వెళ్ళిన 11 మంది వరంగల్ యువకులతో మాట్లాడి ప్రాజెక్టు రాస్తున్నాను. అందరూ ఇప్పుడు 18 దాటినవారే. సమర్పణకు మూడు వారాలే ఉంది.

మొదట సామాజికవేత్త మెర్టన్ 1938లో చెప్పిన ఒత్తిడి సిద్ధాంతం పట్టుకున్నాను. సమాజం ఆశ చూపించి దారి మూసేస్తే కొందరు అడ్డదారి వెతుక్కుంటారన్నది దాని సారం. ఇక్కడ అతకలేదు. వీరు ఎత్తుకెళ్ళినవి పాత సైకిళ్ళు, మోటార్లలోని రాగి తీగ. గొప్ప సంపద మీద ఆశ ఎవరి మాటల్లోనూ కనబడలేదు. తర్వాత, కుటుంబం, బడి లాంటి వాటితో బంధం సడలితే తప్పుదారి పట్టే అవకాశం పెరుగుతుందనే హిర్షి (1969) బంధాల సిద్ధాంతం ప్రకారం ప్రశ్నలు మార్చాను. బడితో బంధం తెగిందని తేలింది గానీ, తెంపింది ఎవరో తేలలేదు.

అసలు చిక్కు ఇక్కడే. తరగతిలో ఏది పోయినా ముందు తమ సంచే వెతికేవారని ఏడుగురు చెప్పారు, అదీ ఎనిమిదో తరగతి నుంచే. చుట్టూ ఉన్నవారు ‘దొంగ’ అని ముద్ర వేస్తే మనిషి చివరికి అలాగే మారవచ్చనే బెకర్ (1963) ముద్ర సిద్ధాంతానికి ఇది అచ్చుగుద్దినట్టు సరిపోతోంది. అంత చక్కగా సరిపోవడమే నా అనుమానం! ఇన్నేళ్ళ తర్వాత తమను సమర్థించుకుంటున్నారేమో? హాజరు పట్టీలు అడిగితే బడివారు ఇవ్వలేదు. తల్లిదండ్రులను అడిగితే ‘పత్తి ఏరే రోజుల్లో మానేశాడు’ అంటారు, ఏ ఏడాదో చెప్పలేరు.

రికార్డులు లేనప్పుడు, కేవలం జ్ఞాపకాల ఆధారంగా చేసిన ఇంటర్వ్యూలలో ముద్ర ముందు పడిందో, బడి ముందు మానారో సరిచూసుకునే పద్ధతి ఏమిటి?