సమస్య: సింహములకు లేడి యొకతె సేవ నేర్పె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య పైన ఉన్నదే. అది చివరి పాదంగా వచ్చేలా, అర్థం కుదిరేలా పద్యం పూర్తి చేయాలి, అదే పూరణ. తేటగీతి. శనివారం సాయంత్రం ఒక సభలో కూర్చుని ఉండగా నాలుక మీదికి వచ్చింది, ఇల్లు చేరే దాకా దిగలేదు. ఏ సభో ఇప్పుడే చెప్పను. ఆదివారం రాత్రి వరకు గడువు. కలలో జరిగిందనడం, కల్లు మత్తులో అనడం, ఈ రెండు దారులూ అందరూ నడిచి నడిచి అరిగిపోయాయి, వీలైతే అటు పోకండి.

మల్కాజిగిరి అమ్మమ్మ:
కల వద్దన్నారు గానీ బాబూ, నాకు వచ్చింది కలే. మా మనవరాలు పొద్దున లేస్తూనే కలలు చెబుతుంది.

నిదుర లేచుచు మా బుడ్డి నేఁడు సెప్పె
"వింత కలఁ గంటి నమ్మమ్మ, వినుము నీవు,
అడవి నడుమను బడి యుండె, నందులోన
సింహములకు లేడి యొకతె సేవ నేర్పె"

చిక్కడపల్లి మాస్టారు:
అమ్మా, పద్యం నడక హాయిగా ఉంది. కానీ కలలో సింహం లేడికి దాసోహమన్నా అడిగేవాడు లేడు. సమస్యలోని అసంభవాన్ని మెలకువలో సంభవం చేస్తేనే పూరణ. నిర్వాహకులు ముందే వద్దన్న దారి ఇది.

శాలిబండ:
మాస్టారూ, కల మాట అటుంచండి. 'అడవి నడుమను బడి యుండె' దగ్గర ఒక్క క్షణం ఆగండి. సింహాలన్నీ బడిలో బుద్ధిగా బెంచీల మీద కూర్చున్నట్టు కళ్ళకు కట్టింది. 'అడవి – అందు' స్వరయతి (పాదం మొదటి అచ్చుకు మధ్యలో జత అచ్చు పడడం) కూడా ఎంత సులువుగా పడిందో చూడండి. అమ్మమ్మగారూ, బుడ్డిదానికి నా ముద్దులు చెప్పండి.

కూకట్‌పల్లి కోకిల:
నిర్వాహకులు వెళ్ళిన సభ ఏదో నాకు తెలిసిపోయింది. 'ఒకతె' అన్నచోట దొరికిపోయారు.

కన్నుమూసిన పిమ్మటఁ గన్నులిమ్ము
ఆఱు గంటలే గడువని యరసి చెప్పి
కళ్ళజోళ్ళ పెద్దల నెల్లఁ గదలఁజేసి
సింహములకు లేడి యొకతె సేవ నేర్పె

నేత్రదాన పక్షోత్సవాలు నడుస్తున్నాయి కదా, ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా. లయన్స్ క్లబ్బు వాళ్ళు ఎవరో అమ్మాయిని పిలిచి మాట్లాడించి ఉంటారు. సింహాలు లయన్లు, లేడి మన లేడీ. అవునా, కాదా?

నిర్వాహకుడు:
అవును! మా కాలనీ దగ్గర లయన్స్ క్లబ్బు వారపు సమావేశం. అధ్యక్షుడు చెక్కసుత్తితో గంట కొట్టి సభ మొదలుపెట్టారు. అతిథి డిగ్రీ రెండో ఏడు చదువుతున్న అమ్మాయి. ఎదురుగా ఉన్నవాళ్ళలో సగానికి పైగా రిటైరైన వాళ్ళు. ఆ పిల్ల స్లయిడ్లేమీ పెట్టలేదు. సంచిలోంచి ఒక దిండు, కాస్త దూది, నీళ్ళ సీసా తీసి బల్ల మీద పెట్టింది. మనిషి పోయాక ఇంట్లోవాళ్ళు ఏం చేయాలో వరసగా చేసి చూపించింది: ఫ్యాను ఆపాలి, రెప్పలు మూసి వాటి మీద తడి దూది పెట్టాలి, తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తాలి, వెంటనే ఐ బ్యాంకుకు (దానమిచ్చిన కళ్ళు సేకరించే చోటికి) ఫోను చేయాలి. ఆరు గంటల లోపు సేకరించాలి కాబట్టి ఏడుపులో మొదటి గంట పోగొట్టుకోవద్దని చెప్పింది.

ఒక పెద్దాయన లేచి "నాకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయిందమ్మా, నావి పనికొస్తాయా?" అని అడిగారు. "పనికొస్తాయి తాతగారూ. శుక్లం వచ్చేది లోపలి కటకానికి. మేం అడిగేది ముందున్న పారదర్శకమైన పొర, కార్నియా. కన్నంతా మార్చరు. షుగరు ఉన్నా, కళ్ళజోడు ఉన్నా అడ్డు కాదు" అంది. ఆయన ముఖం వికసించింది. సమస్య నా నాలుక మీదికి వచ్చింది అప్పుడే.

చిక్కడపల్లి మాస్టారు:
సభ సంగతి బాగుంది. ఇక పద్యం. కోకిలమ్మా, 'కన్నుమూసిన పిమ్మటఁ గన్నులు' అన్న ఎత్తుగడకు నూటికి నూరు. కానీ రెండు లోపాలున్నాయి. 'ఇమ్ము – ఆఱు' మధ్య విసంధి, అంటే కలవాల్సిన చోట సంధి కలవలేదు. రెండోది, సింహాలంటే క్లబ్బు వాళ్ళని పద్యంలో ఎక్కడా లేదు. కింద మీరు వచనంలో చెబితేనే తెలిసింది. పద్యం తన కాళ్ళ మీద తాను నిలబడాలి.

వనస్థలి:
విసంధికి ఒక సవరణ చెప్పనా అక్కా?

కన్నుమూసిన పిమ్మటఁ గన్నులీయుఁ
డాఱు గంటలే గడువని యరసి చెప్పి

సంధి కుదిరింది, యతికీ ఇబ్బంది లేదు. పైగా అంతమంది పెద్దల ముందు నిలబడిన ఆడపిల్ల 'ఇమ్ము' అనదు, 'ఈయుఁడు' అనే అంటుంది.

కూకట్‌పల్లి కోకిల:
తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండో కారణం మొదటిదానికన్నా బలంగా ఉంది. ఇక నా పద్యం అలాగే చదువుకోండి అందరూ. మాస్టారి రెండో మాటకు మాత్రం ఒప్పుకోను. కళ్ళజోళ్ళ పెద్దలు అన్నాక అడవి సింహాలు ఎలా అవుతాయి?

శాలిబండ:
'ఒకతె' సంగతి తేల్చండి ముందు. లేడి జంతువు కాబట్టి అమహత్తు, 'లేడి యొకటి' అనాలి, 'ఒకతె' ఆడమనిషికి. గణాల్లోనూ తేడా రాదు. నిర్వాహకులు కావాలనే 'ఒకతె' వేసి తలుపు తెరిచి పెట్టారు. సమస్య బిగువు అక్కడే సడలింది.

నిర్వాహకుడు:
కావాలనే వేశాను. 'ఒకటి' అంటే అడవిలోనే ఉండిపోతారు. మనిషి వైపు రావడానికి ఒక సూచన ఉండాలనుకున్నాను. దాన్ని పట్టుకోవడం కూడా పూరణలో భాగమే.

చిక్కడపల్లి మాస్టారు:
నా పూరణ.

చూపు వినికిడు లెఱుఁగని సుదతి హెలెను
కెల్లరొకనాఁడు సభలోనఁ గొలువు దీరి
"చీఁకటిని బాపు వీరులై చెలఁగుఁ"డనుచు
సింహములకు లేడి యొకతె సేవ నేర్పె

1925 జూన్ 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం సీడార్ పాయింట్‌లో లయన్స్ అంతర్జాతీయ మహాసభ జరిగింది. హెలెన్ కెల్లర్ అక్కడ మాట్లాడుతూ, చీకటి మీద సాగే పోరులో అంధుల పక్షాన వీరులు కమ్మని వాళ్ళను అడిగింది. మెల్విన్ జోన్స్ 1917లో షికాగోలో క్లబ్బు పెట్టిన ఎనిమిదేళ్ళకు ఈ మాట పడింది. ఈనాటికీ లయన్స్ వాళ్ళు కంటి శిబిరాలు పెడుతున్నారంటే దాని వెనుక ఆ ఒక్క ప్రసంగం ఉంది. శ్లేష కోసం వెతుక్కునే పని లేకుండా చరిత్రే పూరణ ఇచ్చింది. దోమ కుత్తుకలో ఏనుగుల గుంపు దూరిందన్న చాటువుకు విరాటుడి చిన్న కొలువులో పనివాళ్ళుగా చేరిన పాండవులు సమాధానమైనట్టే ఇదీను.

మల్కాజిగిరి అమ్మమ్మ:
మాస్టారూ, ఒళ్ళు గగుర్పొడిచింది. చూడలేని తల్లి చూసేవాళ్ళకు చూపు గురించి చెప్పింది. నా కల పద్యం పక్కన పెట్టేయండి బాబూ.

కూకట్‌పల్లి కోకిల:
ఇంత కన్నా మంచి మలుపు ఈ సమస్యకు రాదు. చిన్న సందేహం మాత్రం ఉంది. ఆమెకు పంతొమ్మిది నెలల వయసులో జబ్బు చేసి చూపూ వినికిడీ పోయాయి. 'ఎఱుఁగని' అనవచ్చా?

చిక్కడపల్లి మాస్టారు:
ఆ వయసు బిడ్డకు కొన్నాళ్ళ చూపు ఉన్నా ఎరుక అనలేం తల్లీ. ఆ మాట అక్కడ ఉండాల్సిందే.

శాలిబండ:
మాస్టారూ, మలుపుకు నేనూ చేతులెత్తి దండం పెడుతున్నాను. అయితే రెండో పాదం చూడండి. 'కెల్ల – కొలువు'. కె–కొ యతి ఎక్కడ చెల్లుతుంది? ఎత్వానికి ఒత్వంతో పొత్తు లేదు. అర్థం కూడా కుదరలేదు. కొలువుదీరేది సింహాసనం మీద కూర్చున్న రాజు. ఆవిడ నిలబడి అడిగింది. 'సభలోనఁ గెలిచి నిలిచి' అంటే యతి కుదురుతుంది, ఆవిడా నిలబడుతుంది.

పోయిన నెల చెరువు సమస్య మీకు గుర్తుండే ఉంటుంది. నా పద్యం ఇది:

మేడ మీద మేడ మిద్దెపై నింకొక్క
మిద్దె కట్టి యమ్మి మేటి ధరకు
జనము వచ్చి చేర జాగయే లేకుండ
నీరు లేని చెఱువు నిండిపోయె

అప్పుడు మీరు 'జాగ' పద్యంలో ఇమడదు, 'తావు' అని మార్చమన్నారు. 'జనము'కు 'తావు' యతి ఎలా కుదురుతుందో ఇప్పటికీ చెప్పలేదు.

చిక్కడపల్లి మాస్టారు:
నేనన్నది యతి గురించి కాదు, పలుకుబడి గురించి. 'జాగ' ఉర్దూ నుంచి వచ్చిన మాట.

శాలిబండ:
వచ్చి ఎన్ని తరాలైంది? శాలిబండలో మా నాయనమ్మ అదే మాట్లాడింది, ఆవిడకు వేరే మాట తెలియదు. చెరువు శిఖం భూమిలో, అంటే నీళ్ళు నిలిచే నేలలో, అపార్ట్‌మెంట్లు లేచిన ఊరి గురించి రాస్తూ ఆ ఊరి మాట వేయకపోతే ఎలా? హుస్సేన్ సాగర్ తవ్వించింది పదహారో శతాబ్దంలో. ఆ తరువాత ఈ నగరం చుట్టూ ఎన్ని చెరువులు మాయమయ్యాయో మనందరికీ తెలుసు. నా పద్యంలో 'జాగ' అన్నచోట నాకు కడుపు మండింది. ఆ మంట 'తావు'లో ఉండదు.

నిర్వాహకుడు:
చెరువు పద్యం మంచిదని ఆనాడే చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. 'జాగ' ఉండాలి. మాస్టారి పద్యంలో 'గెలిచి నిలిచి' అని మార్చి పైన పెట్టేస్తున్నాను. 'సభ గెలవడం' మన నుడికారం, పద్యానికి బలమే వచ్చింది. ఇక ఇద్దరూ సమస్యకు రండి.

వనస్థలి:
నాదీ ఒకటి చూడండి. మా ఇల్లు వనస్థలిపురంలో, జింకల పార్కు దగ్గర. మహావీర్ హరిణ వనస్థలిలో కృష్ణజింకలుంటాయి. నిర్వాహకులు చెప్పిన అమ్మాయి మా పక్క పిల్లే అయి ఉండాలని నా కోరిక.

హరిణ వనమున కెదురింటి యమ్మి వచ్చి
తెల్ల జుత్తుల లయనుల దిక్కు చూచి
"తాతలార! కన్నుల నిండు దాన"మనుచు
సింహములకు లేడి యొకతె సేవ నేర్పె

శాలిబండ:
'కన్నుల నిండు దానము'! రెండు విధాలా చదివాను. కళ్ళను దానంగా ఇవ్వండి అని ఒకటి, కళ్ళ నిండు దానం అని ఇంకొకటి. 'నిండు' ఒక్కటే రెండు పనులూ చేసింది. 'లయనుల దిక్కు చూచి' మన మాట, మాస్టారికి నచ్చకపోయినా సరే.

చిక్కడపల్లి మాస్టారు:
నచ్చింది. లేడికి హరిణ వనం, సింహాలకు తెల్ల జుత్తుల లయనులు. రెండు చివరలూ పద్యంలోనే కట్టి ఉన్నాయి, బయటి నుంచి చెప్పాల్సిన పని లేదు. నేను కోకిలమ్మను అడిగింది ఇదే. అయితే తమ్ముడూ, ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పి ఉండాలి. ప్రతిజ్ఞాపత్రం మీద సంతకం పెట్టి బీరువాలో దాచుకుంటే ప్రయోజనం లేదు. మనిషి పోయాక ఒప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్ళు. మా అన్నగారు సంతకం పెట్టారు, కానీ ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. కార్డు మాకు కర్మలన్నీ అయిపోయాక దొరికింది. అందుకే ఈ సమస్య చూడగానే నాకు కెల్లర్ గుర్తొచ్చింది.

మల్కాజిగిరి అమ్మమ్మ:
అయ్యో మాస్టారూ.

నిర్వాహకుడు:
చెప్పింది మాస్టారూ. చివర్లో గట్టిగా చెప్పింది. ఇవాళ ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చున్నప్పుడు పిల్లలతో ఈ మాట అనండి అంది. బంజారాహిల్స్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థలోని రామాయమ్మ ఐ బ్యాంకు నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోమంది. వాళ్ళు ఇంటికే వస్తారని, ఇరవై నిమిషాల పని అని, ముఖం రూపు చెడదని కూడా చెప్పింది.

శాలిబండ:
మాస్టారూ, మీ అన్నగారి సంగతి నాకు తెలియదు. ఈ రాత్రి మా అబ్బాయిని పిలిచి చెబుతాను. మీరూ చెప్పండి.

చిక్కడపల్లి మాస్టారు:
మా కోడలికి చెప్పాను, శాలిబండగారూ. 'గెలిచి నిలిచి' బాగా కుదిరింది.

నిర్వాహకుడు:
ఈ వారానికి నా ఓటు వనస్థలికి. ఆలోచనలో మాస్టారిదే పైచేయి, కానీ సమస్య అడిగిన లేడిని, సింహాలను పద్యంలోనే నిలబెట్టింది వనస్థలి. కోకిలగారి మొదటి పాదం మాత్రం నేను మరిచిపోలేను, వచ్చే సమావేశంలో చదివి వినిపిస్తానని క్లబ్బు అధ్యక్షుడికి మాటిచ్చాను.

వచ్చే వారం సమస్య కూడా ఆ సభలో దొరికిందే. వాళ్ళలో టెయిల్ ట్విస్టర్, అంటే తోక మెలిపెట్టేవాడు, అనే పదవి ఒకటుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు, ఫోను మోగించినవాళ్ళకు నవ్విస్తూ జరిమానా వేసి డబ్బా నింపడం ఆయన పని. ఇంత చెప్పాక ఆయనతో పూరించినవాళ్ళకు మార్కులు లేవు, ఇంకో దారి వెతకండి. ఆటవెలది.

తోఁక మెలిక పెట్టఁ దొరకె ధనము

మల్కాజిగిరి అమ్మమ్మ:
మా బుడ్డిదాని గాలిపటం తోక తెగి అందులో పది రూపాయల నోటు దొరికింది మొన్న. రాత్రికి పద్యం పెడతాను.