బాల్టిక్ స్టర్జన్ ఎముకల డీఎన్ఏ: చలి వాదన నిలుస్తుందా?

చేపముల్లు: ఉత్తర యూరప్‌లోని బాల్టిక్ సముద్రంలో కలిసే నదుల్లో ఒకప్పుడున్న స్టర్జన్ అనే పెద్ద చేప అమెరికా జాతిదని 2002లో ‘నేచర్’ సైన్స్ పత్రికలో వచ్చింది కదా. 800–1,200 ఏళ్ల కిందట అట్లాంటిక్ దాటొచ్చి, నీళ్లు చల్లబడ్డాక యూరప్ జాతి స్థానంలో పాతుకుపోయిందని వాదన. పాత ఎముక నుంచి ఇంత సంగతి ఎలా లాగుతారు? ఎక్కడ చెడుతుంది?

ఖాళీట్యూబు: పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు కోట్ల నకళ్లు తీసే పద్ధతి) చేసే గదిలో ఆ ఎముకను సంచిలోంచి బయటికి కూడా తీయకూడదు, ఆ నకళ్లు అంటుకుంటాయి. వేరే గదిలో పైపొర గీకేసి, డ్రిల్లు నెమ్మదిగా తిప్పుతూ 50 మిల్లీగ్రాముల పొడి తీస్తారు. బిట్టు వేడెక్కిందా, మిగిలిన కాస్త డీఎన్ఏ కూడా పాడే. పొడిని 0.5 మోలార్ ఈడీటీఏ (ఎముకలోని కాల్షియంను కరిగించేది), ప్రొటీనేజ్-కె (ప్రొటీన్లను కోసే ఎంజైమ్) ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పి, డీఎన్ఏను పట్టుకునే సిలికా కాలమ్‌కి పట్టిస్తారు. ప్రతి బ్యాచ్‌లో ఎముక లేని ట్యూబు ఒకటి నడవాలి. అందులో స్టర్జన్ డీఎన్ఏ కనిపిస్తే బ్యాచ్ మొత్తం అవతల పారేయడమే.

దొరికేవి ఎక్కువగా 100 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) లోపు ముక్కలు. 500 బేస్‌లకు ప్రైమర్లు (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) పెట్టి ‘ఏమీ రాలేదు’ అనుకోవడం మామూలే. అంత పొడవు చక్కగా వచ్చేస్తే ఇంకా అనుమానించాలి! ముక్కల చివర్లలో ‘సి’ అక్షరం బదులు ‘టి’ కనబడటం పాతదనానికి గుర్తు. ఇలా పాడైన అక్షరాలను తీసేసే యూడీజీ ఎంజైమ్‌తో పూర్తిగా శుభ్రం చేస్తే ఆ గుర్తూ పోతుంది, పాక్షికంగా చేస్తే చివర్లలో మిగులుతుంది.

ఏటిగట్టు: డీఎన్ఏ కంటే ఎముకకు కార్బన్ పద్ధతిలో కట్టే తేదీ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. సున్నపురాతి నేలల మీది నీళ్లలోనూ, సముద్రంలోనూ పాత కార్బన్ ఉంటుంది. అక్కడ మేసిన చేప ఎముక అసలు వయసు కన్నా వందల ఏళ్లు ముసలిదిగా తేలుతుంది. చలి ముదిరిన శతాబ్దంతో పోల్చేటప్పుడు ఆ తేడా చాలు, లెక్కంతా తారుమారు. అదే పొరలోని గొర్రె ఎముకకో మాడిన గింజకో తేదీ కట్టించడం మేలు.

ఇక వాదన సంగతి. అమెరికా జాతి సుమారు 13–18 డిగ్రీల నీళ్లలో గుడ్లు పెడుతుంది, యూరప్ జాతికి 20 దాటాలి. కారణం గట్టిదే. కానీ ఫ్రాన్స్ అట్లాంటిక్ తీరంలో దాదాపు 5,000 ఏళ్ల నాటి అమెరికా జాతి ఎముకలు బయటపడ్డాయి. కాబట్టి యూరప్‌కి ఆ చేపను చలి తేలేదు. బాల్టిక్‌లో దాని సంతతి పెరగడానికి తోడ్పడి ఉండొచ్చు, నా లెక్కలో అంతే.

చేపముల్లు: జాతి తేల్చడానికి మైటోకాండ్రియా (కణంలోని శక్తి కేంద్రం) డీఎన్ఏ సరిపోదా అండీ?

ఖాళీట్యూబు: అది తల్లివైపు మాత్రమే చెప్తుంది. బాల్టిక్‌లో రెండు జాతులూ సంకరమయ్యాయని మైక్రోశాటిలైట్లలో (డీఎన్ఏలో పదేపదే వచ్చే చిన్న ముక్కలు) తేలింది, కాబట్టి తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే న్యూక్లియర్ (కణ కేంద్రకంలోని) డీఎన్ఏ కూడా చూడాల్సిందే. ఒంటిమీది ఎముక పలకలో గుంటలుంటే అమెరికాది, బొడిపెలుంటే యూరప్‌ది అంటారు. డ్రిల్లు పెట్టకముందే పలకకు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి, పొడి అయ్యాక చూడటానికేం ఉండదు.