ఎత్తుపళ్ళకు క్లిప్పులు వేయిస్తే పెద్దయ్యాక ఒరిగే మేలేమిటి?

ప్రశ్న:
మా అమ్మాయికి పన్నెండేళ్ళు నిండాయి. పై పళ్ళు ముందుకు పొడుచుకు రావడం వల్ల పెదవులు పూర్తిగా మూసుకోవు, కింది వరుసలో రెండు పళ్ళు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. క్లిప్పులు వేయించాలని, సుమారు రెండేళ్ళు పడుతుందని డాక్టరు గారు చెప్పారు. మా అత్తగారు మాత్రం ఇది అందం కోసం పెట్టే ఖర్చని, పెళ్ళీడు వచ్చాక చూసుకోవచ్చని అంటున్నారు. ముఖం తీరు సంగతి అటుంచితే, ఇరవై ముప్పై ఏళ్ళ తరువాత కూడా నిలిచే మేలు ఏమైనా ఉంటుందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
నేను దంతవైద్యురాలిని. మీరు రాసినదాంట్లో అన్నిటికంటే ముఖ్యమైనది పెదవి కప్పని పై పళ్ళ విషయం. సైకిలు మీద నుంచి పడినా, ఆటలో ఎవరి మోచేయి తగిలినా ముందు దెబ్బతినేవి అవే. శాశ్వత దంతం ఒకసారి లోతుగా విరిగితే రూట్ కెనాల్, దానిమీద క్యాప్, కొన్నేళ్ళకు మళ్ళీ కొత్త క్యాప్ అంటూ ఆ వైద్యం జీవితాంతం వెంట వస్తుంది. ఈ ముప్పు ఎక్కువగా ఉండేది బడి ఈడులోనే కనుక పెళ్ళీడు దాకా ఆగమని నేను చెప్పలేను.

ఇక ఒకదానిపై ఒకటి ఎక్కిన పళ్ళ సందుల్లోకి బ్రష్షు కుచ్చు దూరదు. అక్కడ నిలిచిన పాచి గట్టిపడి గారగా మారుతుంది. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని నడివయసువారు వచ్చినప్పుడు చిన్న అద్దం పెట్టి చూస్తే, కింది ముందుపళ్ళ లోపలివైపు పసుపుపచ్చని గార గోడ కట్టినట్టు కనిపిస్తుంటుంది. పళ్ళు వరుసలో ఉంటే శుభ్రం చేసుకోవడం తేలిక, అంతేకాని క్లిప్పులే పుచ్చును ఆపుతాయనుకోవడం పొరపాటు. పైగా క్లిప్పులున్న కాలంలో సరిగా తోముకోకపోతే బ్రాకెట్ల (తీగను పట్టి ఉంచడానికి పంటికి అతికించే చిన్న బిళ్ళల) చుట్టూ తెల్లని మచ్చలు పడి, క్లిప్పులు తీసేశాక కూడా మిగిలిపోతాయి.

సమాధానం 2:
నాకు పదిహేనో ఏట క్లిప్పులు తీశారు, ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. సరిచేసిన పళ్ళు మళ్ళీ కదలకుండా పట్టి ఉంచే రిటైనరును రోజూ రాత్రి పెట్టుకోమని చెప్పారు కాని, హాస్టలుకు వెళ్ళాక దాన్ని డబ్బాలోనే వదిలేశాను. ఏడాది తరువాత తీసి పెట్టుకోబోతే పట్టలేదు, కింది పళ్ళు రెండు మళ్ళీ అడ్డం తిరిగాయి. పంటిని ఎముకకు పట్టి ఉంచే నారలు దాన్ని పాత చోటికే లాగుతుంటాయని డాక్టరు గారు అప్పుడు వివరించారు. అమ్మా, ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు రిటైనరును, అది విరిగితే చేయించాల్సిన మరొకదాన్ని కూడా అందులో కలుపుకోండి.

సమాధానం 3:
మాది నల్లగొండ జిల్లా. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడు నీళ్ళ వల్ల పంటిపై గోధుమరంగు చారలున్నవారికి బ్రాకెట్లు గట్టిగా అంటుకోక ఊడిపోతుంటాయి. మా అబ్బాయికి మూడుసార్లు మళ్ళీ అతికించారు. మీ అమ్మాయికి అలాంటి చారలుంటే ముందే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సైకిలు మాట చదివి వినిపించాక మా అత్తగారు కూడా ఆలోచనలో పడ్డారు, ఎందుకంటే పాప రోజూ బడికి వెళ్ళేది సైకిలు మీదే. రిటైనరు ఎన్నేళ్ళు వాడాలో, అది పోతే ఎంతవుతుందో ఈ శనివారం అడిగి వస్తాను.