ఇన్సెప్షన్: తెలివైన సినిమానా, గందరగోళాన్ని గొప్పగా అమ్మిన సినిమానా?

నేలటికెట్:
మొన్న రాత్రి ఇన్సెప్షన్ మూడోసారి చూశా. అదే, క్రిస్టఫర్ నోలన్ తీసిన ఇంగ్లీషు సినిమా, ఒక ముఠా వేరొకడి కలలోకి, ఆ కలలోపలి కలలోకి దూరి వాడి మనసులో ఓ ఆలోచన నాటే కథ. 2010 జూలైలో చూసి బయటికొస్తూ మా బ్యాచ్ మొత్తం అర్థమైనట్టు తలూపాం. ఇప్పుడు నిజం చెప్తున్నా, తిట్టుకుంటే తిట్టుకోండి. అది చిక్కుల సినిమా, తెలివైన సినిమా కాదు. సగం సేపు రూల్స్ చెప్పడమే. ఆరియాడ్నీ అనే అమ్మాయి ఉన్నదే మన బదులు డౌట్లు అడగడానికి. అయినా కలలు అలా ఉంటాయా? నా కలలో పరీక్ష హాల్లోకి గేదె వస్తుంది. నోలన్ కలల్లో అందరూ ఇస్త్రీ సూట్లు వేసుకుని తుపాకులు కాలుస్తారు.

మ్యాట్నీషో:
గేదె పాయింటు ఒప్పుకుంటా. కానీ ఇది దొంగల ముఠా కథ గురూ. ప్లాను మనకి ముందే తెలియకపోతే, అది బెడిసికొట్టినప్పుడు టెన్షన్ ఎక్కడ్నించి వస్తుంది?

వ్యాన్ సీను తీసుకో. మత్తుమందు వల్ల ఒక్కో మెట్టు కిందికి, అంటే కలలోంచి దాని లోపలి కలలోకి, దిగితే కాలం ఇరవై రెట్లు సాగుతుంది. పై కలలో ముఠా నిద్రపోతున్న వ్యాన్ వంతెన మీంచి దూకడానికి పది సెకన్లుంది. అంటే రెండో కలలో హోటల్లో ఉన్న ముఠా మనిషి ఆర్థర్‌కి మూడు నిమిషాలు, మూడో కలలో మంచుకొండ మీద ఉన్నవాళ్లకి గంట. లెక్క వేసి చూడు, సరిపోతుంది. ఆ లెక్క థియేటర్లో ఎవడూ వేయడు, వేయక్కర్లేదు కూడా. పైన వాన, మధ్యలో హోటల్, కింద మంచు. షాట్ మారగానే ఎక్కడున్నామో కంటికే తెలిసిపోతుంది. నేను తెలివి అనేది దాన్ని. సీక్వెల్ కాదు, కామిక్ హీరో లేడు, అయినా 16 కోట్ల డాలర్లు పెట్టి వేసవిలో వదిలితే 80 కోట్లకి పైగా వచ్చాయి. జనం అర్థం కాకుండానే డబ్బులిచ్చారంటావా?

నేలటికెట్:
కలెక్షన్లు చూపించి తెలివి నిరూపిస్తే మన దగ్గర మేధావుల సినిమాలు చాలా తేలతాయి, వదిలెయ్.

లెక్క అన్నావుగా, ఇది చెప్పు. వ్యాన్ గాల్లో ఉన్నప్పుడు హోటల్లో బరువు పోయింది, అందరూ తేలుతున్నారు. ఆ తేలేవాళ్ల కలేగా మంచుకొండ? అక్కడ మాత్రం దర్జాగా స్కీయింగ్ చేస్తున్నారేంటి?

మ్యాట్నీషో:
కిందికి దిగేకొద్దీ ప్రభావం తగ్గుతుందేమో.

నేలటికెట్:
"ఏమో" అన్నావు చూడు. సినిమాలో ఆ ముక్క ఎక్కడుంది?

రీలుడబ్బా:
ఆ చిల్లు నిజమే, నోలన్ అభిమానినై ఉండీ ఒప్పుకుంటున్నా. మంచుకొండ భాగం మామూలు కాల్పుల సీనే, అక్కడ నాకూ కునుకు పట్టింది. కానీ ఆ హోటల్ వరండా ఫైటు మరిచిపోకండి. ఇంగ్లండ్‌లో కార్డింగ్టన్ అనే చోట ఒకప్పుడు ఎయిర్‌షిప్‌లు అనే పెద్ద గాలి ఓడలు పెట్టిన షెడ్డులో నిజంగానే వరండా సెట్ కట్టి, దాన్ని గిర్రున తిప్పారు. ఆర్థర్ వేషం వేసిన జోసెఫ్ గోర్డన్ లెవిట్ అందులో తనే గోడల మీద పడుతూ లేస్తూ చేశాడు. మన ఒంటికి తగిలేది అందుకే.

ఇంకోటి. నిద్ర లేపే గుర్తుగా ఎడిత్ పియాఫ్ పాడిన పాత ఫ్రెంచి పాట వేస్తారు కదా. పై మెట్టులో వేసిన పాట కిందివాళ్లకి సాగిపోయి వినపడాలి. సినిమాకి సంగీతం చేసిన హాన్స్ జిమ్మర్ ఆ పాట మొదట్లో వచ్చే వాయిద్యాన్నే బాగా నెమ్మది చేసి, సినిమా అంతా మోగే ఆ "బ్వామ్" హారన్లకి మూలంగా వాడుకున్నాడు. ఎవరూ వివరించరు, ఏ డైలాగూ లేదు. రూల్స్ నోటితో చెప్పారని కదా నేలటికెట్ గారి ఫిర్యాదు? ఈ ఒక్కటి చెవికి వదిలేశారు.

నేలటికెట్:
ఇది తెలియదు నాకు. ఇప్పుడే పాట పెట్టి స్పీడ్ బాగా తగ్గించి విన్నా. నిజమే, అదే. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, వీధిలో లారీ ఆగిందా అని అడిగింది.

సరే, సగం మార్కులు ఇస్తున్నా. మంచుకొండ సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.